రేవు దాటే ట్రాలీ బ్యాగు

ఏ ఊళ్లో బ్యాగుల కొట్టుకి వెళ్లినా బేరం ఒకే తీరుగా మొదలవుతుంది. మా రామచంద్రపురంలోనూ అంతే. కొట్టాయన పై అరలోంచి తళతళలాడే గట్టి పెట్టె ఒకటి దింపి, ప్లాస్టిక్ తొడుగు లాగేసి, నున్నటి టైల్స్ గచ్చు మీద నిలబెట్టి చూపుడువేలితో ఒక్క తోపు తోస్తాడు. నాలుగు చక్రాల మీద అది గోడ దాకా జారిపోతుంది. "చూశారా అండీ, వేలితో తోస్తే చాలు." "ఆయ్, బాగుందండి." బేరం సగం అక్కడే కుదిరిపోతుంది.

నేను అలా కొన్న పెట్టె మూడో ప్రయాణంలో కోటిపల్లి రేవులో చక్రం పోగొట్టుకుంది. ముక్తేశ్వరంలో పంటు ఎక్కి గౌతమి దాటి, ఇటు ఒడ్డున ఇసకా కంకరా కలిసిన ఏటవాలు మీద దాన్ని లాక్కుంటూ ఎక్కుతున్నాను. ముందు చక్రం ఒకటి అడ్డం తిరిగి గుంటలో ఇరుక్కుంది. ఇంకో లాగు లాగేసరికి ఇరుసుతో సహా ఊడి చేతికొచ్చింది. ఇంటికి వచ్చేదాకా పెట్టెను భుజాన మోశాను. అప్పటినుంచి ఎవరి చేతిలో ఏ బ్యాగు కనబడినా దాని చక్రాలు, జిప్పులు, తెరిచే తీరు చూడడం అలవాటైపోయింది. తరచూ తిరిగేవాళ్లకు తగిన చేతిపెట్టె ఏది అన్న ప్రశ్నను నాకు తెలిసినంత మేర మొదటినుంచి చివరిదాకా పరిశీలించి చూడాలని ఈ ప్రయత్నం.

ముందుగా ఎవరి ప్రయాణం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. మా వైపు తరచూ తిరిగేవాళ్లంటే నెలకోసారి హైదరాబాద్‌లో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే తల్లిదండ్రులు, పండక్కి వచ్చి పోయే బెంగళూరు ఉద్యోగులు, మిల్లుల పని మీదా చెరువుల పని మీదా తిరిగేవాళ్లు, రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి కువైట్, మస్కట్, దోహా వెళ్లి సెలవుల్లో వచ్చే ఆడవాళ్లు. వీళ్లలో ఏ ఒక్కరి ప్రయాణమూ విమానాశ్రయంలో మొదలవదు. ఇంటి ముందు ఆటో, కాలవ గట్టు రోడ్డు, బస్సు, సామర్లకోటలోనో రాజమండ్రిలోనో ప్లాట్‌ఫారం మెట్లు, లేదంటే కారులో గంటన్నర కూర్చుని మధురపూడి విమానాశ్రయం. పెట్టె ఇవన్నీ దాటాలి. దేశంలోపలి విమానంలో ఉండేది గంట. మిగతా రోజంతా అది మన రోడ్ల మీదే ఉంటుంది. కంపెనీల ప్రకటనలు ఆ గంటను చూపించి పెట్టె అమ్ముతాయి.

అయినా ఆ గంటకు సంబంధించిన లెక్కలు తప్పించుకోలేం కాబట్టి వాటినే ముందు చూద్దాం. మన దేశంలో ఎకానమీ ప్రయాణికుడికి చేతి సామాను ఒక్కటే, 7 కిలోలు. పొడవు, వెడల్పు, మందం కలిపి 115 సెంటీమీటర్లు. అయితే ఆ 115ను పంచుకునే తీరు ఒక్కో సంస్థది ఒక్కోలా ఉంది. ఇండిగో 55, 35, 25 అంటుంది. ఎయిర్ ఇండియా 55, 40, 20 అంటుంది. రెండింటికీ సరిపోవాలంటే 55, 35, 20 దాటకూడదు. దోహా వెళ్లేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. ఖతార్ ఎయిర్‌వేస్ వాళ్లది 50, 37, 25. అంటే ఎత్తు అయిదు సెంటీమీటర్లు తక్కువ. అమెరికా సంస్థలు మామూలుగా 56, 36, 23 ఒప్పుకుంటాయి. ఈ కొలతలన్నీ చక్రాలు, పిడి కలుపుకునే. చీటీ మీద 55 అని రాసి ఉన్నా కొన్ని బ్యాగులకు ఆ అంకె డొప్పకు మాత్రమే చెందుతుంది. చక్రాలు కలిపితే 58 అవుతుంది. కొట్టుకి టేపు పట్టుకెళ్లడానికి మొహమాటపడక్కర్లేదు.

మధురపూడికి ఇంకో సంగతి ఉంది. 2024 డిసెంబరు నుంచి ముంబయికీ ఢిల్లీకీ పెద్ద ఎయిర్‌బస్‌లు వచ్చాయి కానీ, అంతకు ముందునుంచీ మనల్ని హైదరాబాద్‌కూ చెన్నైకీ బెంగళూరుకూ చేర్చింది ఎక్కువగా ఏటీఆర్ విమానాలే. పంకాలు తిరిగే ఆ 78 సీట్ల విమానంలో తలపై అరలు చిన్నవి. నిబంధన ప్రకారం సరిగ్గా ఉన్న చక్రాల పెట్టె కూడా ఒక్కోసారి అందులో పట్టదు. అప్పుడు మెట్ల దగ్గరే సిబ్బంది దానికి చీటీ కట్టి కిందికి పంపిస్తారు. కాబట్టి చేతిపెట్టె ఎప్పుడూ చేతిలోనే ఉంటుందన్న నమ్మకం మన ప్రయాణంలో చెల్లదు. ఈ విషయం గుర్తుంచుకోండి. అరల గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఇక బరువు. కొట్టులో ఎవరూ అడగని ప్రశ్న ఇదే, ఖాళీ పెట్టె బరువెంత అని. మార్కెట్లో ఉన్న గట్టి డొప్ప చేతిపెట్టెలు రెండున్నర నుంచి మూడు కిలోల పైచిలుకు తూగుతాయి. మూడు కిలోల పెట్టె కొంటే మనకు మిగిలింది నాలుగు. ఛార్జరుతో సహా లాప్‌టాప్ పెడితే అందులోంచి దాదాపు రెండు పోయాయి. అమ్మాయి కోసం ఒక పట్టుచీర, అల్లుడికి ఒక పంచెల చాపు పెట్టేసరికి ముల్లు ఏడు మీద ఆగుతుంది. మన బట్టలకు ఇంకా చోటే మిగల్లేదు. రెండు కిలోల లోపు గుడ్డ బ్యాగు అయితే ఆ ఒక్క కిలోలో రెండు జతల బట్టలు పడతాయి. పెట్టెలో ఎన్ని లీటర్లు పడతాయి అన్న లెక్కకు ఇచ్చే ప్రాముఖ్యం ఈ ఒక్క అంకెకు ఇవ్వరు. నా మటుకు నాకు ఖాళీ బరువే మొదటి అంకె. రెండున్నర దాటితే ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేస్తాను.

గట్టి డొప్పా, గుడ్డా అన్న వాదం చాలాకాలంగా ఉంది. గట్టివాటిలో మూడు ప్లాస్టిక్‌లు వినిపిస్తాయి. ఏబీఎస్ చవక, నొక్కితే పగుళ్లు ఇస్తుంది. పాలీకార్బొనేట్ వంగి మళ్లీ లేస్తుంది, ధర ఎక్కువ. పాలీప్రొపిలీన్ తేలిక, దెబ్బకు తట్టుకుంటుంది, గీతలు కనబడనివ్వదు. గట్టిది కొనదలుచుకున్నవాళ్లకు మా వైపు ఈ మూడోదే మేలని నా అభిప్రాయం. గుడ్డవాటిలో పాలియెస్టర్, నైలాన్. నేత ఎంత మందంగా, నూలు ఎంత గట్టిగా ఉందో వేలితో గీరితే తెలుస్తుంది. గట్టి పెట్టె వైపు ఒక బలమైన కారణం ఉంది. మన సామానులో నలగకూడనివి ఉంటాయి. ఆత్రేయపురం పూతరేకులు ఒత్తిడి తగిలితే పొడే మిగులుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ రేకుల్ని హైదరాబాద్ చేర్చడం ఇప్పటికీ నైపుణ్యమే. అయినా దానికోసం మొత్తం పెట్టె గట్టిగా ఉండనక్కర్లేదు. రేకుల అట్టపెట్టెను ఒక చిన్న స్టీలు డబ్బాలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో దించి, దాన్ని బట్టల మధ్య పెడితే గుడ్డ బ్యాగులోనూ భద్రంగానే వెళ్తాయి. తాపేశ్వరం మడతకాజా సంగతి వేరు. అది నలగదు, పాకం కారుతుంది. దానికి కావాల్సింది గట్టి డొప్ప కన్నా బిగుతైన మూత.

గట్టి పెట్టె మీద నా అసలు అభ్యంతరం దాని గట్టిదనం మీద కాదు, అది తెరుచుకునే తీరు మీద. దాదాపు అన్నీ పుస్తకం విప్పినట్టు నడిమికి రెండుగా విచ్చుకుంటాయి. ఒక పెట్టెను తెరవాలంటే రెండు పెట్టెలకు సరిపడా చోటు కావాలి. హోటల్ గదిలో అది పరవాలేదు. కానీ తరచూ తిరిగే మనిషి పెట్టెను తెరిచే చోట్లు వేరు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దీపాలార్పాక ఏసీ త్రీటైర్ బెర్తు కింద నుంచి లాగి, పక్కవాళ్ల చెప్పుల మధ్య తెరవాలి. కూకట్‌పల్లిలో పిల్లల డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో, మనకోసం హాల్లో వేసిన పరుపు పక్కన మిగిలిన మూరెడు జాగాలో తెరవాలి. ఆసుపత్రిలో రోగి మంచం పక్క బెంచీ మీద ఒళ్లో పెట్టుకుని తెరవాలి. అలాంటి చోట విచ్చుకునే పెట్టె విప్పడమంటే ఇంటిగుట్టు రచ్చకెక్కించడమే. కావాల్సింది ఒక తువ్వాలు. బయటపడేది లోపలి బట్టలన్నీ.

మన ట్రంకు పెట్టె అలా తెరుచుకోదు. మూత పైకి లేస్తుంది, సామాను ఉన్న చోటే ఉంటుంది. కొన్నింటికి పైన చిన్న వస్తువులకు ఒక పళ్లెం కూడా ఉండేది. మూత తెరవగానే దువ్వెనా కుంకుమ భరిణా చేతికి అందేవి, బట్టలు కిందే ఉండేవి. మూత ఒక్కవైపే తెరుచుకునే గుడ్డ బ్యాగుల్లో ఆ పద్ధతే ఉంది. గోడకు ఆనించి నిలబెట్టి, పై జిప్పు సగం తీసి, చెయ్యి పెట్టి, కావాల్సింది తీసుకుని మూసేయొచ్చు. గట్టి డొప్పలోనూ ముందువైపు తలుపులా తెరుచుకునేవి వస్తున్నాయి. బాగుంటాయి కానీ ఆ తలుపు వల్ల బరువూ ధరా పెరుగుతాయి. సర్దుబాటు బాగున్న బ్యాగు అంటే ఎన్ని అరలున్నాయని లెక్కపెడతారు. నా లెక్క వేరే. ఒక వస్తువు తీయాలంటే ఇంకెన్ని వస్తువులు కదలాలి? అది సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే బ్యాగు అంత బాగా సర్దినట్టు.

అరలు ఎక్కువైతే వచ్చే నష్టం కూడా ఉంది. కుట్టేసిన ప్రతి అరా, ప్రతి జిప్పూ బరువే. పైగా కంపెనీ వాడు కుట్టిన అర అతని సామానుకు కొలిచి కుట్టినది. టై పెట్టుకునే అర మనకెందుకు? లోపల ఒక్క పెద్ద చోటు, మూత లోపలివైపు జాలీ అర ఒకటి, బయట చదునైన అర ఒకటి ఉంటే చాలు. మిగతా విభజన మనమే చేసుకోవాలి. దానికి ఇప్పుడు ప్యాకింగ్ క్యూబ్స్ అని జిప్పు సంచుల్ని సెట్లుగా అమ్ముతున్నారు. మన ఇళ్లల్లో అవి ఎప్పటినుంచో ఉన్నాయి, చీరల కవర్లు. పైన పారదర్శకంగా, మూడువైపులా జిప్పుతో, బీరువాలో పట్టుచీర మడత నలక్కుండా దాచే ఆ కవరు, మడతపెట్టిన చొక్కాలకూ చిన్నపిల్లల బట్టలకూ అంతే బాగా పనికొస్తుంది. తెరవకుండానే లోపల ఏముందో కనబడుతుంది. మా అమ్మ వెళ్లేవి రెండు, వచ్చేవి రెండు, విడిచినవి ఒకటి అని అయిదు కవర్లు పెట్టుకుంటుంది. ఆవిడ పెట్టె సర్దే పద్ధతికి నేను చూసిన ఏ ఖరీదైన బ్యాగు సర్దుబాటూ సాటిరాలేదు. ఒక చిన్న మాట. ఉప్పాడ జామ్దానీ లాంటి సన్నటి నేత చీరలు పెట్టేటప్పుడు కవరు జిప్పు రన్నరు చీర వైపు రాకుండా, లోపల ఒక పాత నూలు గుడ్డ చుట్టి పెట్టండి.

సాగే పిడి కడ్డీలు లోపల వెనకవైపు రెండు గట్లుగా ఉబికి ఉంటాయి. ఆ గట్ల మధ్య పల్లాన్ని మేజోళ్లతో, లోదుస్తులతో ముందు నింపేసి ఆ పైన చదునుగా కవర్లు పరిస్తే చోటు వృథా కాదు. బరువైనవి చక్రాల వైపు ఉండాలి. బయటి అరలో లాప్‌టాప్ పెట్టే బ్యాగులకు ఒక జబ్బుంది. ముందువైపు బరువెక్కి, పిడి వదలగానే బోర్లా పడిపోతాయి. కొట్టులో బయటి అరలో నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఏటీఆర్ మెట్ల దగ్గరికి మళ్లీ వెళ్దాం. సిబ్బంది వచ్చి, పెట్టె కిందికి ఇవ్వండి అన్నారు. ఆ పెట్టెలో పవర్‌బ్యాంక్ ఉంది. విడి లిథియం బ్యాటరీలు కింద సామాన్ల గదిలోకి వెళ్లకూడదు. అక్కడ నిప్పంటుకుంటే చూసేవాళ్లుండరు, క్యాబిన్‌లో అయితే చూసి ఆర్పగలరు. 100 వాట్ అవర్ల దాకా, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా, చేతి సామానులో తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. ఆ పైన అసలు కుదరదు. అదే పెట్టెలో నాన్నగారి బీపీ మాత్రలున్నాయి, ఇన్సులిన్ ఉంది, కళ్లజోడుంది, ఇంటి తాళాలున్నాయి. వెనక వరస నిలబడి ఉండగా మెట్ల కింద ఎండలో పెట్టె విప్పి ఒక్కొక్కటీ వెతకడం ఎంత అవస్థో పెద్దవాళ్లతో ప్రయాణం చేసినవాళ్లకు తెలుసు.

దీనికి విరుగుడు చాలా చిన్నది. పుస్తకమంత జిప్పు సంచి ఒకటి, దానికి మణికట్టుకు తగిలించుకునే తాడు. మందులు, పవర్‌బ్యాంక్, తాళాలు, కాగితాలు, కళ్లజోడు, ఒక చాక్లెట్టు, అన్నీ అందులోనే. అది పెట్టె పై అరలో, చెయ్యి పెట్టగానే తగిలేచోట ఉండాలి. పెట్టె ఎవరి చేతికైనా వెళ్తుందంటే ముందు ఆ సంచి మన చేతికి వస్తుంది. భద్రతా తనిఖీలో ట్రేలో వేయడానికీ అదే, రైల్లో తలకింద పెట్టుకోవడానికీ అదే. నన్నడిగితే బ్యాగు కొనేటప్పుడు ముందు ఆ సంచిని తీసుకుని కొట్టుకి వెళ్లి, అది సులువుగా దూరి సులువుగా వచ్చే పై అర ఏ బ్యాగుకు ఉందో చూడాలి. గల్ఫ్ వెళ్లే మా పిన్నికి నేను పదేపదే చెప్పేది కూడా ఇలాంటిదే. పాస్‌పోర్టు, వీసా కాగితం, అక్కడి యజమాని ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టెలో పెట్టొద్దు పిన్నీ, ఒంటిమీద ఉండాలి.

బ్యాటరీ లోపలే బిగించేసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునేలా తయారుచేసిన తెలివైన సూట్‌కేసులు కొన్నాళ్లు వచ్చాయి. బ్యాటరీ ఊడదీయడానికి వీల్లేని అలాంటి వాటిని 2018 జనవరి నుంచి పెద్ద విమాన సంస్థలు ఒప్పుకోవడం మానేశాయి. ఎవరైనా చవగ్గా ఇస్తున్నా తీసుకోకండి.

కోనసీమ మనిషి పెట్టె గురించి రాస్తూ కొబ్బరి గురించి రాయకుండా ఉండలేను. ఎండుకొబ్బరిని విమానయానం ప్రమాదకర సరుకుగా లెక్కిస్తుంది. నూనె పుష్కలంగా ఉండి, తనంతట తానే వేడెక్కి రాజుకునే గుణం ఉండడమే కారణం. అంబాజీపేట మార్కెట్‌లో గుట్టలుగా పోసిన కురిడీలు చూసి పెరిగినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది కానీ, గోదాముల్లో కొబ్బరి వేడెక్కడం వ్యాపారులకు తెలిసిన విషయమే. మామూలు కొబ్బరికాయను కూడా క్యాబిన్‌లోకి రానివ్వరు. శబరిమల వెళ్లే భక్తుల ఇరుముడి కోసం 2024 అక్టోబరులో పౌర విమానయాన శాఖ ప్రత్యేక సడలింపు ఇచ్చి, 2025 జనవరి 20 దాకా కొబ్బరికాయను చేతి సామానులో అనుమతించింది. అప్పటి శాఖ మంత్రి మన శ్రీకాకుళం వాసి కింజరాపు రామ్మోహన్ నాయుడే. ఇక ఆవకాయ. విదేశీ ప్రయాణంలో చేతి సామానులోని ద్రవాలు, ముద్దలు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లు దాటకూడదు. 2006లో లండన్ నుంచి బయలుదేరే విమానాల మీద ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చిన కట్టడి అది. ఊట తేలే ఆవకాయ ఆ లెక్కలోకే వస్తుంది. పచ్చళ్ల జాడీకి చేతిపెట్టెలో చోటు వెతక్కండి. అది పెద్ద సామానులో, మూతకు టేపు చుట్టి, రెండు పాలిథిన్ సంచుల్లో వెళ్లాలి.

చక్రాల సంగతికి వద్దాం. సూట్‌కేసుకు చక్రాలు తగిలించాలన్న ఆలోచన అమెరికాలో బెర్నార్డ్ సాడోకు 1970లో వచ్చింది, 1972లో పేటెంటు దక్కింది. ఆయనది అడ్డంగా నాలుగు చక్రాల మీద, పట్టీతో లాగే పెట్టె. నిలువుగా రెండు చక్రాల మీద వాలి, సాగే పిడితో నడిచే పెట్టెను 1987లో చేసుకున్నది రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్. రోజూ పెట్టెతో తిరిగే మనిషి తన పనికోసం కనిపెట్టుకున్నది కాబట్టే అది ఇన్నాళ్లూ నిలిచింది. ఆ తర్వాత నాలుగువైపులా తిరిగే చక్రాలు వచ్చి కొట్లన్నీ ఆక్రమించాయి. నున్నటి నేల మీద, పక్కన నడిపించుకుంటూ వెళ్లడానికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆసరాగా పట్టుకోవడానికి నాలుగు చక్రాలే సుఖం. అది కాదనను. కానీ ఆ చక్రాలు చిన్నవి, పెట్టె కిందికి పొడుచుకుని ఉంటాయి, 55లో నాలుగైదు సెంటీమీటర్లు అవే తినేస్తాయి. రైల్లో కుదుపు వస్తే పెట్టె నడవాలోకి నడుస్తుంది. రెండు చక్రాల పెట్టెకు చక్రం పెద్దది, సగం డొప్పలోకి ఒదిగి ఉంటుంది, ఇరుసు తిరగదు. ఇసకలో, కంకరలో, ప్లాట్‌ఫారం పగుళ్ల మీద అదే లాగుతుంది. రేవు చూశాక నేను రెండు చక్రాలకు మారాను. ఇప్పుడు కొట్లలో అవి అడిగితే గానీ చూపించరు.

చక్రానికి మా గాలి ఇంకో శత్రువు. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగే చక్రాల్లో చాలావాటి పైపొర పాలీయురిథేన్. తేమకు అది లోలోపల విడిపోతుంది. మూడు నాలుగేళ్లు అటక మీద పెట్టి దించితే, చక్రం కొత్తగానే కనబడుతుంది. పది అడుగులు లాగేసరికి బెల్లం ముక్కలా చిట్లి రాలిపోతుంది. లోపలి పూత ఉన్న గుడ్డ కూడా అలాగే జిగటెక్కి బట్టలకు అంటుకుంటుంది. వాడకపోవడం వల్ల బాగుంటుందనుకున్న పెట్టె వాడకపోవడం వల్లే పాడైనట్టుంటుంది. కాబట్టి గోదావరి జిల్లాల వాళ్లు బ్యాగును ప్లాస్టిక్ కవరులో బిగించి అటకెక్కించకూడదు. జిప్పు తెరిచి, గాలి ఆడేచోట, చక్రాల మీద బరువు పడకుండా పడుకోబెట్టాలి. కొనేటప్పుడే కింద తిప్పి చూడండి. చక్రం స్క్రూలతో బిగించి ఉంటే రేపు మార్చుకోవచ్చు, రివెట్లు కొట్టి ఉంటే పెట్టె ఆయుష్షు చక్రం ఆయుష్షే.

తాళం మీద పెద్దగా రాయను. చేతిపెట్టె చాలావరకు మన కళ్లముందే ఉంటుంది. గట్టి పెట్టెకు ఎంత మంచి నంబరు తాళం ఉన్నా, ప్లాస్టిక్ పళ్ల జిప్పును బాల్‌పెన్ను మొనతో విప్పి, రన్నరును అటూ ఇటూ జరిపి మళ్లీ మూసేయొచ్చు. విలువైనవి పెట్టెలో వదలకపోవడమే తాళం. వీపు బ్యాగు చాలదా అని కుర్రాళ్లు అడుగుతారు. ముప్పై లోపు వయసు, రెండు రోజుల ప్రయాణం అయితే చాలు. కిలో లోపు బరువు, రేవైనా మెట్లైనా బాధ లేదు. నడుం నొప్పి మొదలయ్యాక చక్రాలే శరణ్యం. పెట్టెను తలపై అరలోకి ఎత్తాల్సిన ఆడవాళ్లూ పెద్దవాళ్లూ ఇంకోటి చూసుకోవాలి. పైనా పక్కనా పిడులుంటాయి సరే, అడుగున కూడా చెయ్యి దూరే పట్టు ఉందా అని. అది లేని పెట్టెను రెండు చేతులతో ఎత్తలేం.

ధర విషయంలో నేను మధ్యదారి మనిషిని. మరీ చవకవి ఒక పండక్కి, ఒక పెళ్లికి సరి. మరీ ఖరీదైనవాటిలో సొమ్ము పేరుకు పోతుంది. వీఐపీ, సఫారీ, అమెరికన్ టూరిస్టర్ లాంటివి మన దేశంలో విరివిగా దొరుకుతాయి. వాటిలో ఏది కొన్నా నేను అడిగేది ఒక్కటే, చక్రమో పిడో పోతే విడిభాగం కాకినాడలోనో రాజమండ్రిలోనో దొరుకుతుందా? వారంటీ కాగితం మీద అయిదేళ్లు రాసి, బాగుచేయించుకోవడానికి హైదరాబాద్ పంపమంటే నెలకు రెండుసార్లు తిరిగే మనిషికి అది వారంటీ కాదు.

చక్రం ఊడిపోయిన ఆ పెట్టెను నేను పారేయలేదు. మిగిలిన మూడు చక్రాలూ తీయించేసి ఇంట్లో శీతాకాలపు దుప్పట్లు పెట్టాం. ఇప్పుడు నా చేతిలో ఉన్నది నల్లటి గుడ్డ బ్యాగు. రెండు చక్రాలు, మూత ఒకవైపే, ఖాళీ బరువు కిలో తొమ్మిది వందలు. కొనేరోజు ఇంటినుంచి అయిదు చీరల కవర్లూ, మందుల సంచీ, లాప్‌టాప్ పట్టుకెళ్లి కొట్టులోనే సర్ది చూశాను. తర్వాత కొట్టాయన్ని అడిగి గుమ్మం దిగి, రోడ్డు పక్క కంకర మీద వంద అడుగులు లాగాను. "ఇలా ఎవరూ చూడరండి బాబూ" అన్నాడాయన. నేను లోపలికి వచ్చేసరికి ఇంకో ఇద్దరు కొనుగోలుదారులు చెరో బ్యాగు పట్టుకుని గుమ్మం దిగుతున్నారు.